చమురు నేలలో స్త్రీల జీవనోపాధి

చమురు అనే మాట మన ప్రాంతపు ఇండ్లలో చాలకాలంగా ఆశకు మారుపేరు. 1973లో ముడి చమురు ధర ఒక్కసారిగా పెరిగిన తరువాత గల్ఫ్ దేశాలలో రోడ్లు, ఓడరేవులు, భవనాలు విస్తారంగా నిర్మించవలసి వచ్చింది. ఆ పనుల కొరకు హైదరాబాదు పాతబస్తీ నుండి, కడప, కరీంనగర్, గోదావరి జిల్లాల నుండి వేలాది మంది వెళ్ళారు. వారు పంపిన డ్రాఫ్టులతో ఇండ్లు లేచాయి, చెల్లెండ్ర పెండ్లిండ్లు జరిగాయి, తమ్ముళ్ళు చదువుకున్నారు. మా కళాశాల విద్యార్థులలో అట్టి డ్రాఫ్టు మీద ఫీజు కట్టినవారు ఎందరో ఉన్నారు. ఆ మేలును మరచి మాట్లాడడం మా ఉద్దేశం కాదు. అయితే చమురును గురించి మనం ఇంతవరకు ఆలోచించినదంతా అది డబ్బుగా మారి మన గడప చేరిన తరువాతి సంగతే. దానిని నేల నుండి తోడే చోట, ఆ బావుల ప్రక్కనే, తరతరాలుగా బ్రతుకుతున్నవారి మాట ఏమిటి? అందులోను కంపెనీలో ఏ ఉద్యోగమూ లేని స్త్రీల మాట ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ఆఫ్రికా ఖండంలోని నైజీరియా దేశాన్ని, అందులోను నైజర్ నదీ డెల్టాను, ఉదాహరణగా తీసుకుంటున్నాము. చమురు పరిశ్రమ స్త్రీల బ్రతుకును ఏ విధంగా మార్చివేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ మాకు తోచలేదు.

నైజర్ నది పశ్చిమ ఆఫ్రికాలో 4,000 కిలోమీటర్లకు పైగా ప్రవహించి గినియా సింధుశాఖలో కలుస్తుంది. సముద్రానికి చేరువలో అది అసంఖ్యాకమైన పాయలుగా చీలిపోతుంది. గోదావరి పాయల నడుమ కోనసీమను చూసినవారికి ఆ ప్రదేశపు రూపం కొంతవరకు ఊహకు అందుతుంది. అయితే వైశాల్యంలో పోలిక లేదు. నైజర్ డెల్టా సుమారు 70,000 చదరపు కిలోమీటర్లు ఉంటుందని చెబుతారు. సముద్రపు పోటుపాటులకు లోనయ్యే ఉప్పుటేర్ల వెంబడి ఆఫ్రికాలోకెల్ల పెద్దవైన మడ అడవులు అక్కడనే ఉన్నాయి. ఇజా, ఒగోని, ఇత్సెకిరి, ఉర్హోబో మొదలైన జాతులవారు ఆ నీటికి, నేలకు అలవాటుపడి చిరకాలంగా జీవిస్తున్నారు.

ఆ జనుల జీవనంలో పురుషునికి, స్త్రీకి పనులు వేరువేరుగా ఉన్నాయి. పడవ వేసుకొని లోతు నీటికి వెళ్ళి వలవేయడం చాలవరకు పురుషుని పని. సముద్రం వెనుకకు తగ్గినపుడు బయటపడే బురదలోనికి దిగి, మడచెట్ల వేళ్ళ నడుమ నత్తలను, పీతలను, ఆల్చిప్పలను ఏరడం స్త్రీల పని. నడుము వంచి, మోకాలి లోతు బురదలో గంటల తరబడి తిరిగితే గాని బుట్ట నిండదు. ఆ నత్తలు ఇంటి కూరలోనికి పోగా మిగిలినవి కొలతతో సంతలో అమ్ముడుపోతాయి. తీసివేసిన గుల్లలను సైతం వృథా పోనీయక ఇండ్ల నిర్మాణంలో కంకరకు బదులుగా వాడతారు. మగవారు తెచ్చిన చేపలను మడ కట్టెల పొగ మీద ఆరబెట్టి, బుట్టలలో పేర్చి, దూరపు సంతలకు తీసుకొనిపోయేది కూడ స్త్రీలే. ఆ వ్యాపారంలో వచ్చిన లాభం సాధారణంగా వారి చేతనే ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికాలోని పెక్కు సమాజాలలో భార్య సంచి వేరు, భర్త సంచి వేరు. పిల్లల బడి ఫీజు, మందుల ఖర్చు, పొయ్యి మీది కుండ, ఇవన్నీ చాలవరకు భార్య సంచి మీద ఆధారపడినవి. మన దేశంలో భర్త సంపాదన కుటుంబ సంపాదన అనే భావం బలంగా ఉన్నందువలన ఈ సంగతిని పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. అక్కడ స్త్రీ రాబడి తగ్గితే దానిని భర్త రాబడి దానంతట అదే పూరించదు.

నేల మీద వారికి ఆధారం కర్రపెండలం. తూర్పు గోదావరి మెట్ట ప్రాంతంలో పండించి, సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం చేసే దుంప అదే. నైజీరియాలో దానిని చెక్కు తీసి, తురిమి, సంచులలో నింపి, బరువుల క్రింద కొన్ని దినాలు పులియబెట్టి, నీరు కారిపోయిన తరువాత జల్లించి, వెడల్పాటి ఇనుప మూకుళ్ళలో వేయిస్తారు. గారి అని పిలిచే ఆ రవ్వ దేశమంతటికీ నిత్యాహారం. నాటడం మొదలు వేయించడం వరకు అందులో స్త్రీ చెయ్యి పడని ఘట్టం అరుదు. ఇంత చేసినా ఆమె దున్నే చెక్క ఆమెది కాదు. ఆచారం ప్రకారం అది భర్త వంశంవారిది. ఆమెకు ఉన్నది దానిని సాగు చేసుకునే అనుమతి మాత్రమే. చెట్టు నాటడం నేల మీద హక్కును స్థాపించుకోవడంతో సమానం గనుక, పరాయి కుటుంబం నుండి వచ్చిన కోడలు శాశ్వతంగా నిలిచే చెట్టును నాటడానికి పలుచోట్ల సమ్మతించరు. ఆమె వేసేది ఏటేట త్రవ్వి తీసే దుంప, కూరగాయలు, మిరప. ఈ చిన్న వివరం ముందుముందు ఎంత పెద్దదవుతుందో చూడవచ్చును.

1956లో, బ్రిటిషు పాలన చివరి దశలో, ఒలోయిబిరి అనే గ్రామంలో షెల్-బీపీ సంస్థకు వ్యాపారానికి చాలినంత చమురు దొరికింది. 1958లో ఎగుమతి ఆరంభమైనది. 1960లో దేశం స్వతంత్రమైనది. 1969లో సైనిక ప్రభుత్వం చేసిన పెట్రోలియం శాసనం భూగర్భంలోని చమురంతా రాజ్యానికే చెందుతుందని ప్రకటించింది. 1978 నాటి భూ వినియోగ శాసనం నేలను సైతం ఆయా రాష్ట్రాల గవర్నరుల అధీనంలో ఉంచింది. ఈ రెండు శాసనాల ఫలితమేమంటే, బావి కొరకో పైపులైను కొరకో నేలను తీసుకున్నపుడు గ్రామస్థులు నేల విలువను అడగలేరు. దాని మీద ఉన్న పంటకు, చెట్లకు, కట్టడాలకు మాత్రమే పరిహారం లభిస్తుంది.

ఇక ఆ పరిహారపు లెక్క ఏ విధంగా జరుగుతుందో చూద్దాము. కంపెనీ ఉద్యోగి వస్తాడు. గ్రామ పెద్దతోను, కుటుంబ పెద్దలతోను మాట్లాడతాడు. వారందరూ దాదాపు పురుషులే. చెట్లను లెక్కిస్తారు. కొబ్బరి, నూనె చెట్టు, రబ్బరు వంటివి అనేక సంవత్సరాలు ఫలమిచ్చేవి గనుక వాటికి ఎక్కువ ధర. ఏటేట త్రవ్వే కర్రపెండలానికి ఒక్క పంట విలువ, అది కూడ స్వల్పం. వచ్చిన సొమ్ము కుటుంబ పెద్ద చేతికి అందుతుంది. ఆమె ఆ చెక్కను ఇరువది ఏండ్లు సాగు చేసి ఉండవచ్చును, ఇంకొక ఇరువది ఏండ్లు సాగు చేయాలనుకొని ఉండవచ్చును. లెక్కలో ఉండేది ఆనాడు నేలలో ఉన్న దుంప మాత్రమే. బురదలోని నత్తల సంగతి అంతకంటె కష్టం. ఆ బురదకు పట్టా లేదు, సరిహద్దు రాయి లేదు, ఎవరు ఎన్ని బుట్టలు ఏరారో వ్రాసి ఉంచిన పుస్తకం లేదు. పోయినది ఏమిటని అడిగితే చూపించడానికి ఆమె దగ్గర కాగితం లేదు. చమురు పరిశ్రమ స్త్రీలకు చేసిన కీడులో మొదటిది, పెద్దది, ఇదేనని మా అభిప్రాయం. ఆమె జీవనోపాధి ధ్వంసమైనదనడం రెండవ మాట. అసలు అది జీవనోపాధిగా ఏ లెక్కలోను ఎక్కలేదు. లెక్కలో లేనిది పోయినపుడు పోయినట్లు కూడ ఎవరికీ తెలియదు.

చమురు ఒలికినపుడు ఏమి జరుగుతుందో తెలియాలంటే మడచెట్టు స్వభావం తెలియాలి. ఉప్పు బురదలో గాలి ఉండదు గనుక ఆ చెట్టు తన వేళ్ళలో కొన్నింటిని బురద పైకి చాచి వాటి సూక్ష్మ రంధ్రాల ద్వారా శ్వాసిస్తుంది. పోటు నీటితో వచ్చిన ముడి చమురు ఆ వేళ్ళకు పూతవలె అంటుకొని రంధ్రాలను మూసివేస్తుంది. చెట్టు ఊపిరాడక చస్తుంది. వేళ్ళ మీది పాచిని తిని బ్రతికే నత్త చస్తుంది. ఆ వేళ్ళ చాటున పెరిగే చేపపిల్లలకు తావు ఉండదు. పడవ ఉన్న పురుషుడు ఇంకా దూరపు నీటికి పోయి వలవేయగలడు. బురదలో కాలినడకన తిరిగే స్త్రీకి పోవడానికి మరొక చోటు లేదు. పోటు, పాటు ప్రతిదినం రెండుసార్లు వచ్చేవి గనుక ఒకచోట ఒలికిన చమురు ఆ ఏటి వెంబడి అటూ ఇటూ తిరుగుతూ బురద లోపలికి ఇంకిపోతుంది. పైన నీరు తేటగా కనిపించిన తరువాత కూడ కాలు దించితే నల్లని జిడ్డు పైకి తేలుతుంది. చచ్చిన మడ స్థానంలో నీపా అనే తాటి జాతి మొక్క అల్లుకొంటుంది. అది ఆసియా నుండి గత శతాబ్ది ఆరంభంలో తెచ్చి నాటినది. మడకు ఉన్న వేళ్ళ అల్లిక దానికి లేదు గనుక నత్తకు, చేపకు అది ఆశ్రయం కాజాలదు.

ఒగోని ప్రాంతంలోని బోడో అనే ఊరి కథ ఇందుకు సాక్ష్యం. 2008లో అక్కడి పైపులైను రెండుసార్లు పగిలింది. రెండవసారి కారడం 2009 ఫిబ్రవరి వరకు ఆగలేదు. ఎంత చమురు కారినదనే విషయంలో కంపెనీ చెప్పిన అంకెకు, గ్రామం పక్షాన నిపుణులు చెప్పిన అంకెకు పొంతనే లేదు. గ్రామస్థుల ఆకలి తీర్చడానికని 2009లో కంపెనీ పంపిన సహాయం 50 బస్తాల బియ్యం, 50 బస్తాల చిక్కుడు గింజలు మున్నగునవి. వేలాది జనాభా గల ఊరికి అది అవమానమని గ్రామస్థులు భావించారు. వ్యాజ్యం లండను న్యాయస్థానానికి చేరింది. 2015 జనవరిలో షెల్ అనుబంధ సంస్థ 5 కోట్ల 50 లక్షల పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకొంది. అందులో 3 కోట్ల 50 లక్షలు 15,600 మంది వ్యక్తులకు, మిగిలిన 2 కోట్లు గ్రామ సమాజానికి. మాకు ఈ ఒప్పందంలో గమనింపదగినదిగా తోచిన అంశం మొత్తం కాదు, పంపకం. సొమ్ము పెద్దల చేతికి ఒక మూటగా పోక, వ్యక్తుల పేరిట విడివిడిగా, ఒక్కొక్కరికి సుమారు 2,200 పౌండ్ల చొప్పున లెక్కకు వచ్చింది. పరిహారాన్ని ఎవరి పేరున వ్రాస్తారనేది అది ఎంత అనే దానికంటె తక్కువ ముఖ్యం కాదు.

చమురుతో పాటు భూమి నుండి వాయువు కూడ వెలువడుతుంది. దానిని పట్టి వాడుకోవడానికి ఖర్చు అవుతుంది గనుక బావి దగ్గరనే తగులబెట్టడం నైజీరియాలో మొదటినుండి అలవాటు. 1979లో ఒక శాసనం చేసి 1984 నుండి దీనిని ఆపవలెనన్నారు. గడువులు మారుతూ వచ్చాయి గాని మంటలు పూర్తిగా ఆరలేదు. రాత్రి చీకటి ఉండదు, పగలు వేడి తగ్గదు అనే ఊళ్ళు ఏర్పడ్డాయి అని ఒక్క మాటలో చెప్పి ముందుకు పోవచ్చును గాని, ఉర్హోబో ప్రాంతంలోని అఫియెసెరె వంటి చోట్ల కనిపించిన దృశ్యాన్ని మాత్రం విడువలేము. అక్కడి స్త్రీలు కర్రపెండలపు పిండిని పళ్ళెములలో పరచి, ఆ మంట దగ్గరగా నేల మీద పెట్టి, దాని సెగతో ఆరబెట్టుకుంటారు. ఎండకు రోజులు పట్టే పని అక్కడ కొద్ది గంటలలో అయిపోతుంది, కట్టెల ఖర్చు లేదు. వేడికి, మసికి, వాయువుకు ఎదురుగా నిలబడి పళ్ళెములు త్రిప్పుతారు. ఈ దృశ్యం ఛాయాచిత్రాల ద్వారా లోకమంతటికీ తెలిసింది. చూసినవారిలో కొందరు వారి అజ్ఞానానికి జాలిపడ్డారు. మేము అట్లు అనుకోము. కట్టెలిచ్చే అడవి తరిగి, చేపలిచ్చే ఏరు చెడి, మిగిలిన ఒక్క దుంపను అమ్ముకోవలసిన స్త్రీ, తన పెరటిలో పరిశ్రమ మండించే మంటను వాడుకొన్నది. ఆ పరిశ్రమ నుండి ఆమెకు నేరుగా దక్కిన ఉపయోగం బహుశా అది ఒక్కటే. దానికి ఆమె ఊపిరితిత్తులు మూల్యం చెల్లిస్తున్నాయి. 2005 నవంబరులో నైజీరియా సమాఖ్య న్యాయస్థానం ఒకటి, ఇవెరెకాన్ గ్రామవాసి వేసిన వ్యాజ్యంలో, ఇట్లు వాయువును తగులబెట్టడం జీవించే హక్కుకు, మానవ గౌరవానికి భంగకరమని తీర్పు చెప్పింది. తీర్పు వెలువడిన తరువాత కూడ మంటలు మండుతూనే ఉన్నాయి.

నీటి సంగతి కూడ స్త్రీల సంగతే, ఎందుకనగా నీరు మోసేది వారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఒగోని ప్రాంతాన్ని పరిశోధించి 2011 ఆగస్టులో నివేదికను ప్రకటించింది. నిసిసియోకెన్ ఒగాలె అనే చోట త్రాగునీటి బావులలో బెంజీన్ అనే విషపదార్థం, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకొన్న పరిమితికి 900 రెట్లు మించి ఉన్నదని అందులో వ్రాశారు. భూగర్భ జలం మీద 8 సెంటీమీటర్ల మందాన శుద్ధి చేసిన చమురు తేలుతున్నది. ఆ ప్రాంతాన్ని బాగుచేయడానికి 25 నుండి 30 సంవత్సరాలు పట్టవచ్చునని, తొలి విడతగా 100 కోట్ల డాలర్ల నిధి కావలెనని సూచించారు. దగ్గరి బావి చెడితే దూరపు బావికి నడిచే సమయం సంతకు పోవలసిన సమయం నుండి తగ్గుతుంది. కర్రపెండలాన్ని కడగడానికి నానబెట్టడానికి సైతం మంచి నీరే కావాలి.

ఉద్యోగాలు వచ్చాయి కదా అని కొందరు అడుగుతారు. వచ్చాయి. అయితే బావి త్రవ్వడం, గొట్టాలు అతకడం, కాపలా కాయడం, ఇవన్నీ పురుషులకు ఇచ్చే పనులు, అందులోను చాలవరకు బయటినుండి వచ్చినవారికి. జీతాలు పుచ్చుకొనేవారు పోర్ట్ హార్‌కోర్ట్, వారి వంటి పట్టణాలలో చేరేసరికి ఇంటి అద్దెలు, ఆహారపు ధరలు పెరిగాయి. ఏమీ సంపాదించని స్త్రీ కూడ ఆ ధరలే చెల్లించాలి. దారిలేక శరీరాన్ని అమ్ముకొనే స్థితికి వచ్చిన యువతుల కథలు కూడ ఆ పట్టణాల చరిత్రలో ఒక భాగం.

ఇక్కడ ఒక ప్రసంగాంతరం అవసరమనిపిస్తున్నది, ఎందుకనగా అది మా కళాశాల వంటి చోట తరచుగా విన్న వాదానికి సంబంధించినది. అరబ్బు దేశాలలో ఉద్యోగం చేసే స్త్రీల సంఖ్య తక్కువగా ఉండడానికి మతమే కారణమని పలువురు అంటారు. మైకేల్ రాస్ అనే అమెరికా రాజనీతి శాస్త్రవేత్త 2008లో ప్రకటించిన వ్యాసంలో ఈ మాటను ప్రశ్నించాడు. అల్జీరియా, మొరాకో, ట్యునీషియా మూడింటిలోను మతం ఒకటే, భాష ఒకటే, ఫ్రెంచి పాలన మూడింటికీ అనుభవమే. అయినను చమురు, వాయువు సమృద్ధిగా గల అల్జీరియాలో కంటె మిగిలిన రెండు దేశాలలో స్త్రీలు ఎక్కువగా పనులలో ప్రవేశించారు. కారణం, అక్కడ ఎగుమతి కొరకు బట్టలు కుట్టే మిల్లులు వచ్చాయి, అవి స్త్రీలను పిలిచాయి. చమురు డబ్బు విస్తారంగా వచ్చిన దేశంలో ద్రవ్యం విలువ పెరిగి, అట్టి మిల్లుల సరకు విదేశాలలో పోటీకి నిలువలేకపోతుంది. పురుషులకు ఉద్యోగాలు, కుటుంబాలకు సర్కారు సహాయాలు దొరికేసరికి స్త్రీ బయటికి రావలసిన అవసరం కూడ తగ్గుతుంది. రాస్ వాదంతో ఏకీభవించని పండితులు ఉన్నారు. సంప్రదాయపు పాత్రను అతడు తక్కువ చేశాడని వారి ఆక్షేపణ. అది ఎట్లున్నను, చమురు ఒక్క చుక్క ఒలకకుండా కూడ స్త్రీ పనిని దూరం చేయగలదనే ఆలోచన కొట్టివేయదగినది కాదు.

తిరిగి డెల్టాకు వద్దాము. అక్కడి స్త్రీలు ఇదంతా మౌనంగా సహించారనుకుంటే పొరపాటు. పన్నుల భయంతో 1929లో ఆగ్నేయ నైజీరియాలో వేలాది స్త్రీలు బ్రిటిషు అధికారాన్ని ఎదిరించారు. నూనె గింజల వ్యాపారంలో ఉన్న ఆ స్త్రీల తిరుగుబాటును చరిత్రలో స్త్రీల యుద్ధం అంటారు. ఆ జ్ఞాపకం చావలేదు. 1984లో ఒఘారెఫె గ్రామపు స్త్రీలు చమురు కంపెనీ స్థలాన్ని ముట్టడించారు. తల్లి వయస్సు గల స్త్రీ పురుషుల ఎదుట వస్త్రం విసర్జించడం ఆ ప్రాంతాలలో అతి ఘోరమైన శాపం. మాటలన్నీ విఫలమైన పిమ్మట వారు ఆ శాపాన్ని ప్రయోగించారు. కంపెనీ సంధికి రావలసి వచ్చింది. 1986లో ఎక్పాన్‌లో వేలాది స్త్రీలు లేచారు గాని వారికి అంత ఫలం దక్కలేదు. 1993 ఏప్రిల్‌లో ఒగోనిలోని బియారా వద్ద, అప్పుడే నాటిన పొలాలను పైపులైను కొరకు బుల్డోజర్లు దున్నివేస్తుండగా రైతు స్త్రీలు అడ్డుపడ్డారు. సైనికులు కాల్చారు. ఒక స్త్రీ చేతిని కోల్పోయింది. ఆ ఏడే షెల్ ఒగోనిలో చమురు తీయడం మానుకొంది. ఒగోని ఉద్యమ నాయకుడు, రచయిత కెన్ సారో-వివాను, ఆయన సహచరులు ఎనిమిదిమందిని 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం ఉరితీసింది. ఆయన పేరు లోకానికి తెలుసు. బియారా పొలంలో నిలబడిన స్త్రీల సంగతి అంతగా తెలియదు.

అన్నింటిలోకి మాకు ఆలోచింపజేసినది 2002 నాటి ఎస్క్రావోస్ ఘటన. ఆ ఏడు జూలై 8న ఉగ్బొరోడో మొదలైన ఊళ్ళ నుండి సుమారు 150 మంది ఇత్సెకిరి స్త్రీలు, వారిలో వృద్ధురాండ్రు పెక్కుమంది, పడవలో బయలుదేరి షెవ్రాన్‌టెక్సకో సంస్థ ఎగుమతి కేంద్రంలో ప్రవేశించారు. చేతిలో ఆయుధం లేదు. ఓడరేవును, విమానం దిగే తావును ఆక్రమించి సుమారు 700 మంది ఉద్యోగులను పది దినాలు కదలనీయలేదు. వారిని కదిలిస్తే వస్త్రాలు విసర్జిస్తామన్నారు. అది చూసి ఇజా స్త్రీలు మరి నాలుగు కేంద్రాలను ముట్టడించారు. వారి కోర్కెలలో కొడుకులకు ఉద్యోగాలు, ఊరికి విద్యుత్తు, నీరు, బడి ఉన్నాయి. వాటితో పాటు మరొకటి కలదు. తమకు కోళ్ళ పెంపకానికి, చేపల చెరువులకు సహాయం చేయవలెననీ, వాటి ఫలాన్ని ఆ కేంద్రపు భోజనశాలకే అమ్ముకొనే వీలు కల్పించవలెననీ అడిగారు. కంపెనీ అంగీకరించింది. వారు దానం కోరలేదు, సంత కోరారు. తమ ఏటిలో చేప చచ్చినది గనుక చేపను పెంచి, తమ ఏటిని చెరిపినవారికే ధర కట్టి అమ్ముతామన్నారు. ఆర్థికశాస్త్రం చదువుతున్న మా మిత్రులు ఈ కోర్కెను పుస్తకాలలోని పెక్కు ప్రణాళికలతో పోల్చి చూడవచ్చును.

న్యాయంగా మాట్లాడాలంటే కాలుష్యమంతా కంపెనీల వలననే కాదని కూడ చెప్పాలి. గత రెండు దశాబ్దాలలో పైపులకు కన్నాలు వేసి చమురు దొంగిలించడం, దానిని మడ అడవులలో ఇనుప పీపాలలో కాచి డీజిలు తీయడం పెరిగింది. బోడో చుట్టుప్రక్కల బురద తిరిగి చెడడానికి ఇది ఒక కారణం. చేపలు పోయిన ఊళ్ళలో యువకులు దొంగ చమురు కాయడానికి పోవడం విచిత్రం కాదు. కాని బురదలో దిగే స్త్రీకి కంపెనీ చమురు, దొంగ చమురు అనే భేదం లేదు.

ఒగోనిని శుభ్రం చేసే ప్రభుత్వ కార్యక్రమాన్ని 2016 జూన్‌లో బోడోలోనే లాంఛనంగా ప్రారంభించారు. నడక మందంగా ఉన్నది. బోడో బురదలో ఇటీవలి సంవత్సరాలలో మడ మొలకలను తిరిగి నాటుతున్నారు. 2021లో వచ్చిన పెట్రోలియం పరిశ్రమ చట్టం ప్రకారం కంపెనీలు తమ వార్షిక నిర్వహణ వ్యయంలో 3 శాతం ఆయా గ్రామాల ట్రస్టులకు ఇవ్వాలి. 2025 మార్చిలో షెల్ తన నైజీరియా భూభాగపు వ్యాపారాన్ని రెనెసాన్స్ అనే స్థానిక కూటమికి అమ్మివేసింది. అర్ధశతాబ్దికి పైగా ఒలికిన చమురుకు ఇక జవాబుదారి ఎవరనే వివాదం ఆ అమ్మకంతో మరింత చిక్కుపడింది. ఆ 3 శాతం ట్రస్టులలో సంతకం చేసే కుర్చీలు ఎవరివి అనే ప్రశ్నను స్త్రీలు ఇప్పటినుండే అడుగకపోతే, 1960లలో చెట్లు లెక్కించిన పద్ధతే తిరిగి రాగలదు.

ఇది మనకు దూరపు కథ కాదు. కృష్ణా గోదావరి డెల్టాలలో చమురు, వాయువు తీయడం అనేక సంవత్సరాలుగా సాగుతున్నది. 1995 జనవరి 8న పాసర్లపూడి బావి పేలి 65 దినాలు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో వాయువు గొట్టం పేలి ఇరువదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కొబ్బరి తోటల నడుమ బావులు, కాలువ గట్ల వెంబడి గొట్టాలు ఉన్న ఆ సీమలో కొబ్బరి చెట్టుకు యజమాని ఉంటాడు, దానికి ధర ఉంటుంది. ఆ చెట్టు పీచుతో త్రాడు పేనే ఆమె, ఈనెలతో చీపుళ్ళు కట్టే ఆమె, తట్ట నెత్తిన పెట్టుకొని చేపలు అమ్మే ఆమె ఉన్నారు. మా కళాశాల సామాజిక శాస్త్రాల విద్యార్థులు వేసవి సెలవులలో సర్వేలు చేయడం ఆనవాయితీ. రాబోయే వేసవిలో ఒక బృందం కోనసీమలో ఒక్క గ్రామానికైనా పోయి, ఒకే ప్రశ్నను ఇంటింటా అడిగి రావలెనని మా విన్నపం: ఇక్కడ నష్టపరిహారం పంచినపుడు జాబితాలో ఎవరి పేర్లు ఉన్నాయి? కళాశాల కమిటీవారు ప్రయాణపు ఖర్చులకు అనుమతి ఇస్తే ఆ జాబితాను, దానిలో లేని పేర్లను, వచ్చే సంచికలో ప్రకటిస్తాము.